గుట్ట లెక్క

వానలు మొహం చాటేసినప్పటి నుంచి గట్టు ఊళ్లో అబ్దుల్ హమీద్ లారీకి గిరాకీ లేదు. అందుకే, ఊరి గుట్ట మీద క్వారీ పెడతామంటూ కంపెనీ మనిషి సాయినాథ్ వచ్చి, రాళ్లు తోలే పని నీకేనని మాటివ్వగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గ్రామసభలో జనం ఒప్పుకుంటే చాలు. ఒప్పించే భారం తనే నెత్తినేసుకుని గడపగడపా తిరిగాడు.

ఊరంతా తలూపింది కానీ ఇంట్లో మనిషే ఊపలేదు. కూతురు ఫర్హీన్ హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ప్రకృతి ఊరికే ఇచ్చేవాటికి విలువ కట్టే చదువట! ఆ చదువు కోసం గొర్ల కాపరి నాగప్ప మంద వెంట రెండేళ్లు గుట్టంతా తిరిగింది. గొర్లు కాయడానికి అంత పెద్ద చదువెందుకని చుట్టాలు ఎకసెక్కాలాడితే హమీద్‌కు తల కొట్టేసినట్టయ్యేది. సభలో క్వారీకి ఎదురు మాట్లాడతానని ఆమె సభ రోజు పొద్దున్నే తండ్రికి చెప్పేసింది. ఆయన చాయ్ సగంలో వదిలేసి బయటికి నడిచాడు.

ఫర్హీన్ లేచి నిలబడగానే సభలో కొందరు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

"గుట్ట మీద మేసిన గొర్లనే మీరు రాత్రిళ్లు చేన్లల్ల మంద పెట్టిచ్చుకుంటున్నరు. వాటి ఎరువుతోనే మీ ఆముదాలు, కందులు పండుతున్నయి. గుట్ట పోతే మందలు పోతయి. అప్పుడు ఎరువు కొనాలె. క్వారీ ఊరికిచ్చే పైసలల్ల ఆ ఖర్చు తీసి చూడుండ్రి. లుక్సాన్ మనకే."

మంద పెట్టిన చేను ఎట్లా పండిందో, పెట్టనిది ఎట్లా ఎండిందో రైతుల పేర్లతో సహా చెప్పింది. అడ్డం అడిగినవాళ్లకు తడబడకుండా జవాబిచ్చింది. నవ్వినవాళ్లే ముందుకు జరిగి వినసాగారు. వెనక నిలబడ్డ హమీద్‌కు లారీ సంగతే గుర్తులేదు. ఇది నా బిడ్డేనా అనుకున్నాడు. ఆమె బాగా కనబడాలని గర్వంగా మునివేళ్ల మీద నిలబడ్డాడు.

సాయినాథ్‌కు ఒళ్లు మండింది.

"హమీద్ భాయ్, కన్నతండ్రి పొట్ట కొట్టే చదువు నీ బిడ్డకు ఎవరు చెప్పిచ్చిండ్రు?"

సభంతా వెనక్కి తిరిగింది. క్వారీ కావాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది ఈయనే కదా, ఇప్పుడేమంటాడోనని అందరూ చూస్తున్నారు. హమీద్ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"నేనే చెప్పిచ్చిన," అన్నాడు. "క్వారీ వద్దనేటోళ్లల్ల నా పేరు మొదలు రాసుకోండ్రి."