గేటుకి అడ్డం

ఏటా మా మేకల పెంటికలు లారీ ఎక్కి నది ఒడ్డు మామిడి తోటలకి పోయేవి. పోయినేడు నేను గేటుకి అడ్డంగా నిలబడి లారీని ఖాళీగా పంపేశాను.

“పశువుల మేతకి నాటిన నాగజెముడుకి ఎరువా? అది రాతి మీదైనా బతుకుతుంది. నీకు మతి పోయిందే, జసీరా!” అని మా ఆయన ఎరాజ్మో చిందులు తొక్కాడు.

“బతకడం వేరు, కడుపు నింపడం వేరు!” అని, చివికిన పెంటికలన్నీ నేనే సాళ్ళలో పోశాను.

ఈ ఏడు మా కరువు నేల సెర్తావ్‌లో చినుకు లేదు. పక్కవాళ్ళ నాగజెముడు పాత చెప్పుల్లా ముడుచుకుపోయింది. మాది కోస్తే నీరు కారుతోంది. ఆవులు తృప్తిగా నములుతుంటే నా గుండెల మీంచి బరువు దిగింది.

నిన్న మళ్ళీ లారీ హారన్ మోగింది. నేను లేచేలోపే ఎరాజ్మో పరిగెత్తి గేటుకి అడ్డం పడ్డాడు.

“పెంటికల్లేవయ్యా! ఈ ఏడు మా మేకలన్నిటికీ మలబద్ధకం!”