అక్క రక్తంలోని మేస్త్రీలు

ల్యాబులో తన రక్తం తానే పరీక్షించుకోకూడదన్న కాగితాన్ని గోడకు అంటించింది చెల్లెలే. దాని కిందే కూర్చుని తన రక్తం తానే పరీక్షించుకుంది కూడా ఆమే. నాలుగో నెల గర్భంతో, పీకల దాకా భయంతో ఉన్న మనిషి కంటికి నియమాలు ఆనవు మరి.

ఆ భయమంతా అక్క కొడుకును చూసి పట్టుకున్నది. వాడు పుట్టిన కొన్నాళ్ళకే ఒంట్లోని కాపలా కణాలు వాడి పేగుల మీదే పడ్డాయి. కంచే చేను మేసిందన్నమాట. మామూలుగా ఆ కణాలకు సర్దిచెప్పే కణాలు కొన్ని ఉంటాయి. వాటిని అలా తయారుచేసేది ఫాక్స్‌పీ3 అనే ప్రొటీను. అది కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది, కొన్నిటి నోరు మూయిస్తుంది. ల్యాబులో దాన్ని మేస్త్రీ అంటారు. పిల్లాడిలో ఆ మేస్త్రీయే లేడు. వాడికి అక్క నుంచి వచ్చిన జన్యువు చెడ్డది. ఆ జన్యువు మగపిల్లలకు తల్లి ఇచ్చే ఒక్క ప్రతే, ఆడవాళ్ళకు రెండు. అక్కకు ఇంకో మంచి ప్రతి ఉంది కాబట్టి ఆమెకు జబ్బు రాలేదు. అదే లోపం చెల్లెలికీ ఉంటే, పుట్టేది మగపిల్లాడైతే, జబ్బు రావడానికి సగానికి సగం అవకాశం.

జన్యువునే చదివి చెప్పే పరీక్ష ఉంది. డాక్టరమ్మ రెండుసార్లు చీటీ రాసిచ్చింది. చెల్లెలు రెండుసార్లూ మరిచిపోయినట్టు నటించి, తనకు చేతనైన పని చేసింది. తన కణాల్లోని మేస్త్రీకి రంగు పట్టించి మెషిన్లో లెక్కపెట్టింది. ఉండాల్సినంతమందీ ఉన్నారు. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

కానీ పోల్చి చూడనిదే నిద్రపట్టని చదువు ఆమెది. మర్నాడు పిల్లాడి చెకప్‌కని అక్క వస్తే, ఆమె రక్తమూ కాస్త తీసుకుంది. లోపమున్నట్టు తేలిన మనిషి కదా, లెక్క సగానికి పడిపోతుందనుకుంది.

పడలేదు. అక్కదీ నిండుగానే ఉంది.

చెల్లెలికి అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్ళలో ఒక్కో కణం ఒక్కో ప్రతినే వాడుకుంటుంది. చెడ్డదాన్ని వాడుకున్నవి సర్దిచెప్పే కణాలు కాలేవు. ఆ ఖాళీలన్నీ మంచివే నింపేస్తాయి. లోపమున్నా లేకపోయినా లెక్క నిండుగానే వస్తుంది. పుస్తకాల్లో చదివిందే, నలుగురికి చెప్పిందే. తన దాకా వచ్చేసరికి బుర్ర పనిచేయలేదు.

బయట బెంచీ మీద అక్క ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. వేరేవాళ్ళ ఎముక మూలుగ ఎక్కించాక బుగ్గలు కాస్త నిండాయి. చెల్లెలు పక్కన కూర్చుని అంతా చెప్పేసింది.

"అయితే నా ఒంట్లో సగం చెడ్డవేనా?" అంది అక్క.

"సగం కణాల్లో చెడ్డ ప్రతే నడుస్తోందక్కా. అయినా సర్దిచెప్పే పని మంచివే నెత్తినేసుకున్నాయి. ముప్పై నాలుగేళ్ళుగా నీకు తెలియకుండానే నెట్టుకొస్తున్నాయి."

అక్క కొడుకు జుట్టు సవరించింది. "నన్ను కాపాడుకున్నాను కానీ, వీడికి మాత్రం చెడ్డదే ఇచ్చాను."

"ఏది ఇవ్వాలో నువ్వు ఏరి ఇచ్చావా ఏంటి? ఇందులో నీ తప్పేముంది?"

అక్క కళ్ళు తుడుచుకుంది. "నా సంగతి సరే, మరి నీది?"

"తెలీదక్కా. తెలుసుకోవాలంటే భయమేస్తోంది."

"వీడికేమైందో తెలిసేసరికి తొమ్మిది నెలలు పోయాయే," అంది అక్క. గొంతు పెంచలేదు, పిల్లాడు లేస్తాడని. "అన్నాళ్ళూ నా కళ్ళముందే చిక్కి శల్యమయ్యాడు. పుట్టకముందే తెలిసుంటే మొదటి రోజునుంచే మందు పడేది. నాకు దొరకని తొమ్మిది నెలలు నీకు దొరుకుతుంటే వద్దంటావా?"

చెల్లెలు బ్యాగులో దాచిన డాక్టరమ్మ చీటీ తీసింది. లేచి రక్తం తీసే గదివైపు నడిచింది. అక్క కూడా పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెంట నడిచింది. అక్కడ నర్సు సూది విప్పగానే, రోజూ పదిమంది రక్తంతో పనిచేసే మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చెయ్యి ఇటివ్వు," అంది అక్క. "వీడికి సూది వేసిన ప్రతిసారీ నేనే పట్టుకున్నాను."

చెల్లెలు చెయ్యి చాపింది.