రెండు ఫైళ్ల పంచాయితీ

నోయిడా ఆఫీసులో మూడేళ్లుగా బుద్ధిగా పనిచేసిన తనిఖీ టూల్ మంగళవారం నుంచి మొండికేసింది. మనుషులు రాసిన కోడ్ చదివి తప్పులు పట్టడం దాని పని. ఇప్పుడు నాలుగు వేల ఫైళ్లలో ఎక్కడో చతికిలబడుతోంది. ఎక్కడో మాత్రం చెప్పదు. సీనియర్ శేషగిరికి క్షణంలో తెలిసిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా?

“సోమవారం నువ్వు కొత్త ఫైలు పెట్టావా లేదా? మంగళవారం ఇది పడిపోయిందా లేదా? ఇంకేం వెతుకుతావమ్మా!” అన్నాడు కొత్తగా చేరిన అనూహ్యతో. అదే మాట మేనేజర్ వీణ చెవినా వేశాడు.

శుక్రవారంతో అనూహ్య ప్రొబేషన్ ముగుస్తుంది. తప్పు తనదైతే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే పనికొచ్చింది.

ముందు తన ఫైలు ఒక్కటే ఇచ్చి చూసింది. టూల్ హాయిగా చదివేసింది. ఎగిరి గంతేయబోయి ఆగి, ఎందుకైనా మంచిదని తన ఫైలు తీసేసి మిగతావన్నీ ఇచ్చింది. అవీ చదివేసింది! అంటే తన ఫైలుకు ఎవరో జోడీ ఉన్నారన్నమాట. తనదాన్ని ఉంచి, మిగతావాటిని సగం చేసింది. పడిపోయిన సగాన్ని మళ్లీ సగం చేసింది. పన్నెండోసారికి ఒకే ఫైలు మిగిలింది. పైన పేరు: శేషగిరి. తొమ్మిదేళ్ల కిందటిది.

అందులో ఆయన, ముందు ముందు రాద్దామనుకున్న ఒక ఫైలు పేరు పెట్టి, ‘అది ఉంటే చదువు’ అని రాసుకున్నాడు. తొమ్మిదేళ్లూ బద్ధకించి, మొన్న ఆ ఫైలు రాసే పని అనూహ్యకే అంటగట్టాడు. ఆమె ఫైలేమో ఆయనదాన్ని చదవమంటుంది. టూల్ పాపం, గవర్నమెంటు ఆఫీసుకెళ్లిన మనిషిలా ఈ కౌంటర్‌కీ ఆ కౌంటర్‌కీ తిరిగి తిరిగి సొమ్మసిల్లింది.

అనూహ్య రెండు ఫైళ్లనూ పదకొండు లైన్లకు కుదించి వీణ ముందు పెట్టింది. “ఇలా గుండ్రంగా తిరుగుతున్నానని టూల్ కనిపెట్టాలి మేడమ్. అది టూల్ తయారుచేసినవాళ్ల లోపం.”

“నేను మొదట్నుంచీ అదే అంటున్నా!” అన్నాడు శేషగిరి.

ఢిల్లీలోనే పెరిగిన వీణకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. “అచ్ఛా శేషగిరిజీ, ఆప్‌కా ప్రొబేషన్ కబ్ ఖతమ్ హువా థా?”

ఇన్నేళ్ల సర్వీసులో తన ప్రొబేషన్ ఎప్పుడు ముగిసిందని ఎవరైనా అడుగుతారని శేషగిరి కలలో కూడా అనుకోలేదు. అనూహ్య ప్రొబేషన్ కాగితాలు తానే వీణ ముందుకు జరిపాడు.

“సంతకం పెట్టేయండి మేడమ్. పిల్ల గట్టిది, నన్నే పట్టేసింది.”