చిత్రావతి నడిమి బండ

యాభై రెండు నాటి కరువులో, వరసగా మూడో ఏడు కూడా వానలు ఎగ్గొట్టాక, తాడిమర్రి దిక్కున చిత్రావతి ఒడ్డు పల్లెలకు ఏటి ఇసుకలో చెలమలు తవ్వి తోడుకునే నీళ్లే గతి. అక్కమ్మ, ఆమె అత్త భద్రమ్మ రోజూ మధ్యాహ్నం ఏట్లోకి దిగేవారు. నడుంలోతు గుంట తవ్వి, ఊరిన నీటిని టెంకాయ చిప్పతో కడవలోకి తోడుకునేవారు.

భద్రమ్మ ప్రార్థన చెయ్యనిదే ముద్ద ముట్టదు. ఆమె కొడుకు, అక్కమ్మ మొగుడు దాసప్ప నిరుడు కంకర పనికి పోయి, జ్వరంతో తిరిగొస్తూ దారిలోనే చనిపోయాడు. అప్పటినుంచి అక్కమ్మ చర్చి గడప తొక్కలేదు.

“దేవుడుంటే ఈ ఏరు ఇట్లెందుకు ఎండిపోయి ఉండాది అత్తా?” అంది ఆ రోజు, చిప్ప ముంచుతూ.

“నాకేం తెలుసు మ్మే. నేనూ అడుగుతానే ఉండా. ఆయన చెప్పలేదు.”

చెలమలో నీళ్లు వణికాయి. అక్కమ్మ చెయ్యి ఆపింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఎగువన, బండ్లు వరసగా రాళ్లబాట మీద పోతున్నట్టు చప్పుడు.

భద్రమ్మ ముఖం మారిపోయింది. “ఏరొస్తాండాది. మైసూరు సీమలో పడినట్టుండాది వాన. నువ్వు గట్టుకు ఉరుకు. నా కాళ్లు రావు.”

గట్టు చాలా దూరం. ఒక్కతే అయితే అందుకోగలదు. అక్కమ్మ ఒక్క క్షణం గట్టు వైపు చూసింది. తర్వాత అత్త రెక్క పట్టుకుని, ఏటి నడుమ ఉన్న బండ దగ్గరికి ఈడ్చుకుపోయింది. కింద కూర్చుని, భుజాల మీద ఆమెను నిలబెట్టి పైకి నెట్టింది. తను పట్టు దొరక్క రెండుసార్లు జారింది. మూడోసారి పైకి పాకేసరికి ముళ్లకంపలు, నురుగు తోసుకుంటూ ఎర్రటి నీళ్లు బండను కొట్టాయి. కడవ ఎటు పోయిందో కనబడలేదు.

నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బండ నెత్తిన కూర్చున్నారు. అంతలో ఒక నాగుపాము కొట్టుకొచ్చి, రాతిని పట్టుకుని పైకి పాకి, వాళ్లకు రెండు మూరల దూరంలో ఆగింది.

“కదలొద్దు,” భద్రమ్మ గుసగుసగా అంది. “దానికీ ఇదే చోటు.”

పాము పడగ ఎత్తలేదు. అలిసిపోయి చుట్ట చుట్టుకుంది. నీళ్లు అక్కమ్మ పాదాలు తాకాయి. చీలమండలు మునిగాయి.

అప్పుడు ఆమె తలెత్తి చూసింది. ముప్పై ఏళ్ల బతుకులో చిత్రావతిని గట్టు నుంచి గట్టు దాకా నిండుగా చూడటం ఇదే మొదలు. ఎక్కడినుంచి వచ్చాయో తెల్ల కొంగలు నీటి మీద బారులు తీరాయి. ఎండకు ఏరంతా రాగిలా మెరుస్తోంది. తడిసిన ఇసుక వాసన. కాళ్ల కింద బండ సన్నగా అదురుతోంది. భయం పోలేదు. దాసప్ప ఎందుకు పోయాడో తెలియనూలేదు. కానీ ఇంత నీటిని కదిలించేవాడి ముందు తను ఇసుక రేణువంతే, ఆ రేణువు ఎక్కడుందో కూడా ఆయనకు తెలుసు అనిపించింది. 

“అత్తా, ప్రార్థన చెయ్.”

“నువ్వు చెయ్.”

“నాకు మాటలు రావు.”

“ఉత్తగా చూస్తా ఉండు. అదీ ప్రార్థనే.”

అక్కమ్మ చూస్తూ కూర్చుంది. చీలమండల దగ్గర నీళ్లు చాలాసేపు నిలిచాయి. తర్వాత బెత్తెడు తగ్గాయి. పొద్దు గూకే ముందు, గట్టు మీంచి వాళ్లను చూసిన నాగప్ప అనే గొర్రెలకాపరి, ఇంకో నలుగురు నడుముకు మోకులు కట్టుకుని ఏట్లోకి దిగి, ఈది బండ దాకా వచ్చారు. వాళ్ల అలికిడికి పాము అవతలి పక్కకు జారి, నీళ్లలో ఈదుకుంటూ పోయింది.

“పామును పక్కన పెట్టుకుని ఎట్ల కూర్చుంటిరి మ్మా?” ఇద్దరినీ మోకు పట్టించి గట్టుకు చేర్చాక అడిగాడు నాగప్ప. అక్కమ్మ గట్టెక్కి కూడా ఏటి వైపే చూస్తూ నిలబడింది.

వచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరయ్య ఆమెను, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నాడు. అక్కమ్మ లేచింది. 

“ఆయన చేసింది చూసినా,” అంది. “చానా పెద్దది.”

అంతే చెప్పి అత్త పక్కన కూర్చుంది.