సెలవుల్లో పెట్టుకున్న ఆపరేషన్

"పరీక్షలు అయిపోయినయి. సోమవారం సంచి తీయించుకుంటున్న. రెండు దినాలు వచ్చి నా దగ్గర ఉంటవా?"

వాసంతి ఫోన్‌ల గిట్ల అన్నది. కరెంటు బిల్లు కట్టొస్తా అన్నట్టే అన్నది. నీళ్ల ట్యాంకర్ రాలేదని లాలాపేట్‌ల ఆడోళ్లందరం రోడ్డు మీద కూసున్నం అప్పుడు. లేచి పక్కకు పోయిన.

"సంచి అంటే? గర్భసంచేనా?"

"ఇంకేం సంచి స్వరూపా, బియ్యం సంచా?"

వాసంతికి నలభై ఒకటి. మేం ఇద్దరం బతికిన క్యాంపస్‌లనే ఇప్పుడు పార్ట్‌టైం పాఠాలు చెప్తది. బతికినం అంటున్నా గానీ, హాస్టల్ సీటు ఆమెది. నేను నాన్ బోర్డర్‌ని. అంటే పేరు ఏ రిజిస్టర్‌ల ఉండదు, దోస్తు గదిల పండుకుంటం, దోస్తు ప్లేట్ల తింటం. ఇంటర్ తప్పిన నాకు క్యాంపస్ అట్లనే దక్కింది. ఒక్క మంచం, ఒక్క దుప్పటి. పొద్దంత పోస్టర్లు అంటించి పొద్దుగూకినంక ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసుంటే ఆ రాళ్లు ఇంకా వెచ్చగుండేవి. ఆ వెచ్చదనం ఇప్పటికీ నా ఒంట్ల ఉన్నది.

నెలల ఒక్కసారి మాత్రం వాసంతి మెట్ల దాక కూడా రాకపోయేది. పొట్ట పట్టుకొని గోడ దిక్కు తిరిగి పండేది. తువ్వాల మీద ఇస్త్రీ పెట్టె తిప్పి, వేడి మీద మడిచి ఆమె పొట్ట మీద వేస్తుంటిని. వార్డెన్ దగ్గర జ్వరానికీ పంటినొప్పికీ ఇచ్చే గోలీ ఒక్కటే ఉండె, అదే ఇచ్చేది. "పెళ్లైతే తగ్గుతదిలే" అన్నది వార్డెన్. పెళ్లైంది. "ఇద్దరు పిల్లలైతే తగ్గుతది" అన్నరు. అయిన్రు. ఇప్పుడు సంచి తీస్తే తగ్గుతదట. ఇరవై ఏండ్లు ఒక్క మనిషన్నా అసలు ఎందుకొస్తదో చూద్దాం అనలే.

మర్నాడు పొద్దున్నే తార్నాకల వాసంతి ఇంటికి పోయిన. తలుపు తీసింది వాసంతి వాళ్లమ్మ బుచ్చవ్వ. ఊరి నుంచి దిగింది. వెల్లుల్లి, శొంఠి, నెయ్యి డబ్బా, బాలింతకు తెచ్చినట్టు తెచ్చింది.

"ఏమే స్వరూపా, ఇంకా జెండా పట్టుకొని తిరుగుతున్నవా?"

"తిరుగుతున్న అవ్వా. నీ బిడ్డను కోయకుండ ఆపనీకి వచ్చిన."

"నోరు పడిపోను! నేను తీయించుకోలేదా? మా వాడల సంచి ఉన్న ఆడిదాన్ని వెతకాలె ఇప్పుడు." పీట మీద కూలబడి వెల్లుల్లి పొట్టు తీసుకుంట మొదలుపెట్టింది. "కోతలు ఒడిసి, వడ్లు ఇంటికొచ్చి, చేతుల పని లేదు. ఎండకాలం. ఆర్‌ఎంపీ జీపు మాట్లాడిండు. ఎనిమిది మందిమి ఎక్కినం. జాతరకు పోయినట్టు పోయినం పిల్లా. మా సోమమ్మ పాట ఎత్తుకున్నది. ఆపరేషన్ అయినంక అందరికీ వరుసకు మంచాలు. టైంకు ఇడ్లీ. నెల దాక బిందె ఎత్తొద్దన్నరు. మా అత్త నాకు అన్నం కలిపిచ్చింది. ఆమె చేతి అన్నం నేను తిన్నది ఆ ఒక్క ఎండకాలమే."

చెప్తుంటే ముసలిదాని మొఖం వెలిగింది. నాకు కోపం రావాలె. రాలే.

వాసంతి గోడ పట్టుకొని వచ్చింది. మొఖం సున్నం కొట్టినట్టున్నది. రిపోర్ట్ నా ఒళ్లో పడేసింది. మల్కాజ్‌గిరి దిక్కు ఏదో నర్సింగ్ హోం. సంచిల గడ్డ, ముట్టుకు రక్తం బాగ పోయి ఒంట్ల మిగిలింది ఏడు గ్రాములే. గడ్డ ఉంచితే క్యాన్సర్ అయితదని, అండాశయాలు కూడా ఒకేసారి తీస్తే మళ్లా తిరిగే పని ఉండదని చెప్పిన్రట.

"ఏడు రక్తంతోని సోమవారం కోస్తరా? తొందరేంది?"

"పరీక్షలు ఒడిసినయి గదా. సెలవుల్లనే చేయించుకోవాలె."

తల్లికి కోతలు, బిడ్డకు పరీక్షలు. ఆపరేషన్‌కు ముహూర్తం రోగం పెట్టలే, పని పెట్టింది.

"ఒక్కసారి ఇంకో డాక్టర్‌కు చూపెట్టు. తర్వాత సంచి తీయించుకుంటవో, తలకాయ తీయించుకుంటవో నీ ఇష్టం."

ఆటోల ముగ్గురం సీతాఫల్‌మండి పోయినం. క్యాంపస్ లోపలి నుంచే. మా హాస్టల్ దగ్గర వాసంతి తల బయటికి పెట్టి చూసింది. మా కిటికీకి ఇప్పుడు కొత్త రంగు. ఎవరిదో చున్నీ ఆరుతున్నది. "ఎవరో ఉన్నరు" అన్నది నవ్వుకుంట.

డాక్టర్ తేజస్వి కడప మనిషి, మా ఆడోళ్ల యూనియన్ పెట్టే మందుల క్యాంపులకు వస్తది. వాసంతిని స్కాన్ చేసింది, అన్నీ అడిగింది. నేను మధ్యల దూరిన. "అంత మోసమే గదా డాక్టరమ్మా? సంచి తీసుడే మోసం."

"మీరు కాసేపు నోరు మూసుకోండి స్వరూపక్కా. తీయాల్సిన వాళ్లకు నేనూ తీస్తాను." వాసంతి దిక్కు తిరిగింది. "ఇది ఫైబ్రాయిడ్. కండ గడ్డ. ఇది క్యాన్సర్‌గా మారడం అనేది చాలా చాలా అరుదు. మీ వయసుకు లోపలి పొర చిన్న ముక్క తీసి పరీక్ష చేద్దాం, ఆ అనుమానం కూడా తీరిపోతుంది. ముందు రక్తం ఎక్కాలి, ఐరన్ సెలైన్‌లో ఇస్తాం. బ్లీడింగ్ తగ్గడానికి బిళ్లలున్నాయి. హార్మోన్ లూప్ అని లోపల పెట్టేది ఉంది, కొన్నేళ్లు పనిచేస్తుంది. మీ గడ్డ సైజుకు సరిపోతుంది. కొందరికి మొదట్లో మరకలు పడతాయి, కొందరికి జారిపోతుంది కూడా. కుదరకపోతే గడ్డ ఒక్కటే తీయొచ్చు. అవేవీ వద్దు, ముట్టే వద్దు అంటే సంచి తీసేయొచ్చు, అదీ తప్పు కాదు. కానీ అండాశయాలు ఎందుకు? బాగున్నాయి కదా. ఈ వయసులో తీస్తే ఒక్కసారే ముట్లుడుగుతాయి. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదు, ఎముకలు గుల్లబారతాయి."

మూలకు కూసున్న బుచ్చవ్వ లేచి వచ్చింది.

"నాయి కూడ తీసిన్రా బిడ్డా?"

డాక్టర్ ఆమెకు కుర్చీ జరిపింది.

"ఎన్నేళ్లప్పుడమ్మా?"

"ముప్పై లోపలే. పెద్దోడు బడికి పోతుండె. గా చలికాలమే నాకు ఒళ్లు మండుతుండె. అందరు దుప్పట్ల కింద ఉంటే నేను వాకిట్ల పండుకునేది. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిన్రు. నడుము ఎన్నడో పోయింది. నాట్లేసి పోయింది అనుకున్న."

"తీసి ఉండొచ్చమ్మా. కాగితం లేకుండా గట్టిగా చెప్పలేను. ఈ వయసులో స్కాన్‌లో కూడా సరిగ్గా తెలియదు. ఎముకల పరీక్ష రాస్తాను. దానికి ఇప్పుడైనా మందులున్నాయి."

"చెప్పనన్నా చెప్పలే" అన్నది బుచ్చవ్వ. అంతే అన్నది. కొంగు నోట్ల పెట్టుకొని మళ్లా మూలకు పోయి కూసున్నది. గా జీపు, గా పాట, గా ఇడ్లీలు నా కండ్ల ముందే ఆమె మొఖం మీద నుంచి ఒక్కొక్కటే దిగిపోయినయి.

వాసంతి తల్లి దిక్కు చూసింది. నేను ఏమన్నా అంటనేమో అని చెయ్యి అడ్డం పెట్టింది కూడా. తనే అన్నది.

"పరీక్ష చేయండి డాక్టర్. బాగుంటే లూప్ పెట్టండి. అది పనిచేయకపోతే సంచి తీయించుకుంట, సిగ్గేం లేదు. అండాశయాలు మాత్రం ముట్టొద్దు."

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డం. అమ్మ చెయ్యి పట్టుకున్న వాసంతి, నా దిక్కు చూడకుంట అన్నది: "నిజం చెప్పాల్నా స్వరూపా? ఆపరేషన్ అంటే నాకు భయం కాలే. ఖుషీ అయింది. నెల దాక ఎవ్వరు నన్ను లేపరు గదా అని."

ఎన్ని ధర్నాలు చేసినా గిది అడుగుడు నాకు తట్టలే.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. మొగడు భూపాల్. స్పీకర్‌ల పెట్టింది.

"సోమవారం పొద్దున్నేనా? నేను లీవ్ పెట్టిన. వంట గూడ నేర్చుకుంటున్న."

"ఆపరేషన్ లేదు."

"హమ్మయ్య! అయితే లీవ్ క్యాన్సిల్ చేస్త."

"చెయ్యకు. సెలవులు ఒడిసేదాక వంట నువ్వే."

"ఆపరేషన్ లేదంటివి గదా?"

"లేదు. నేను పండుకుంట."

"ఎందుకు?"

వాసంతి నోరు తెరిచేలోపల బుచ్చవ్వ ఫోన్ గుంజుకున్నది.

"ఎందుకంటవేంది అల్లుడా? రక్తం ఏడున్నది దానికి. పప్పుల ఉప్పు తక్కువెయ్యి. నేను గూడ పండుకుంట."