మా ఇంట చెయ్యి తెగదు

మా మనవడికి ఇరవై నాలుగేళ్లు. ఇంట్లో వాడి పేరు నిదానం. కింద అద్దాల కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. వాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు పాలు తోడేస్తే, ఆఖరి మెట్టు ఎక్కేసరికి పెరుగు గట్టిపడేదని పదిమందికీ చెప్పి నవ్వించాను. పదకొండో మెట్టు దగ్గర ఆగి గోడకేసి చూసేవాడు. గోడ మీద ఏమీ ఉండదు. కుర్రాడికి ఆలోచన ఎక్కువ అనుకున్నాం. ఆలోచన కాదట, గుండెలో కవాటమట.

"మూడు రెక్కలుండాల్సిన చోట పుట్టుకతోనే రెండున్నాయి. అవీ బిగుసుకుపోయాయి. మార్చాలి," అంది గుండె డాక్టరమ్మ.

"బాగుచేస్తే సరిపోదా?" అన్నాను.

"పగిలిన అద్దాన్ని మీరు బాగుచేస్తారా?"

"అతికించి అమ్మిన రోజులున్నాయమ్మా."

"తాతా, ఆవిణ్ణి చెప్పనీ," అన్నాడు వాడు.

ఆవిడ చెప్పింది. కవాటాలు రెండు రకాలు. ఒకటి లోహంది, జన్మంతా ఉంటుంది. కాని దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాలి, అదీ జన్మంతా. ఎక్కడైనా తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు. రెండోది పశువు పొరతో చేసింది. దానికి జన్మంతా ఆ మాత్ర అక్కర్లేదు. కాని కుర్రవాళ్లలో పదీ పన్నెండేళ్లకే అరిగిపోతుంది. మళ్ళీ ఛాతీ తెరవాలి.

"మీది అద్దాలు కోసే పని కదా. చేతులు తెగుతుంటాయా?" అని వాణ్ణి అడిగింది.

అడిగింది వాణ్ణే. జవాబు నేను చెప్పాను.

మా పనిలో ఒక పద్ధతుంది. చెయ్యి తెగితే తెగిందని ఎవడూ అనడు. గుప్పిట మూసుకుని వెనక కుళాయి దగ్గరికి పోతాడు, టేపు చుట్టుకుని వస్తాడు. మిగతావాళ్లు అడగరు. మా నాన్న నాకు అద్దం మీద గీత గీయడం రెండోరోజు నేర్పాడు. గుప్పిట మూయడం మొదటిరోజే నేర్పాడు.

"మా ఇంట చెయ్యి తెగడమా!" అన్నాను. "నలభై ఏడేళ్లమ్మా, అద్దం మీద ఒక్క చుక్క పడలేదు. ఓసారి నా అంత అద్దం మోసుకుపోతుంటే గాలివాన నన్నెత్తుకుపోయి బట్టలకొట్టు డాబా మీద దింపింది. అద్దమూ నిలువునా ఉంది, నేనూ నిలువునా ఉన్నాను. కొట్టువాడు పైకొచ్చి అందులో తల దువ్వుకుని వెళ్ళాడు."

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కాగితం మీద 'చేతి గాయాలు లేవు' అని రాసింది. "అయితే ఈ వయసుకి లోహందే మేలు. ఒక్కసారితో పోతుంది."

మనవడు నాకేసి చూశాడు. వాడి ఎడమచెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

ఇంటికెళ్లి మా అమ్మాయితో, అంటే వాడి తల్లితో, ఒక్కసారే కోత అని చెప్పాను. "హమ్మయ్య," అని కూలబడింది. ఆ హమ్మయ్య విన్నాక చేతుల సంగతి ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు వాడు కొట్టులో చిన్న ఫొటోల అద్దాలు కోస్తున్నాడు. బరువు ఎత్తొద్దన్నారు గానీ కొయ్యొద్దనలేదు. పదిన్నరకి గుప్పిట మూసుకుని కుళాయి దగ్గరికి పోయాడు. నలభై ఏడేళ్లలో మొదటిసారి నేను ఇంకొకడి వెనక కుళాయి దాకా వెళ్ళాను.

"ఎంతసేపట్లో ఆగుతుందిరా?"

"అడక్కూడదు కదా తాతా."

"అడుగుతున్నాను."

"ఒక పాట అయ్యేలోపు."

"మరి ఆ మాత్ర వేసుకుంటే?"

"కచేరీ అయ్యేదాకా కావచ్చు."

"నిన్న ఆవిడతో చెప్పలేదేం?"

"నువ్వు డాబా మీదున్నావు. ఎలా దింపను?" టేపు పళ్లతో తెంపి వేలికి చుట్టుకున్నాడు. "లోహందైతే అద్దం కోసే కత్తి వదలాలి. రెండోదైతే ముప్పై ఆరేళ్లకి మళ్ళీ కోయించుకోవాలి. రెండూ చెడ్డవే. ఏది ఎంచుకోవాలో నేను చూసుకునేవాణ్ణి. నా బదులు నువ్వే తేల్చేశావు."

కొట్టు తలుపు వేసి, పైనున్న మా అమ్మాయినీ పిలిచాను. అరగంటలో ముగ్గురం డాక్టరమ్మ ముందున్నాం.

"అబద్ధం చెప్పానమ్మా," అన్నాను.

"డాబా సంగతా?"

"డాబా సంగతి మీరు నమ్మితే నా తప్పు కాదు. చేతుల సంగతి." రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తిప్పితిప్పి చూసింది. "ఇదేమిటి?"

"స్నానాలగది అద్దం."

"ఇది?"

"నా పెళ్లి ముందురోజుది. రెండ్రోజులు గుప్పిట తెరవలేదు. మా మామగారు పిసినారి అల్లుడు దొరికాడని మురిసిపోయాడు."

ఈసారి ఆవిడ నవ్వలేదు. మనవడి వైపు తిరిగింది. వాడు జేబులోంచి చెయ్యి తీశాడు. "నెలకి మూడు నాలుగుసార్లు," అన్నాడు.

నిన్న రాసిన మాట కొట్టేసింది. "ఈ లెక్కన లోహంది పెడితే కత్తి పట్టొద్దంటాను. రెండోది పెడితే మళ్ళీ నా దగ్గరికి రావాలి. రెండోసారి కోత మొదటిదానికంటే కష్టం, ప్రమాదమూ ఎక్కువే. తక్కువ చేసి చెప్పను."

"కత్తి వదిలెయ్యరా," అంది మా అమ్మాయి. "కొలతలు తీసుకుంటూ తిరుగు. కోసేవాళ్లు లేకపోయారా?"

"నేను కొలిస్తే ఇంకొకడు కోస్తుంటే చూస్తూ నిలబడాలా అమ్మా? మెట్ల మీద నిలబడి గోడ చూశాను ఇన్నేళ్లూ. అది చాలు." డాక్టరమ్మతో, "రెండోదే పెట్టండి," అన్నాడు.

మా అమ్మాయి ఆ రోజునుంచి నాతో మాట్లాడడం మానేసింది. కంచం మాత్రం వేళకి నా ముందు చప్పుడుతో దిగేది. అబద్ధం చెప్పినందుకో, నిజం చెప్పినందుకో అడిగే ధైర్యం లేకపోయింది.

గురువారం పొద్దున ఆసుపత్రిలో వాణ్ణి చక్రాల బండి మీద పడుకోబెట్టి ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే పక్కన నడిచాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాతా, బయటికొస్తానంటావా?"

గాలివానలో ఎగిరినవాణ్ణి, నోట్లో కథలకి కొదవ లేనివాణ్ణి, ఒక్కటీ పైకి రాలేదు.

"తెలీదురా," అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "నీకు తెలీనిది కూడా ఉందన్నమాట," అని చెయ్యి వదిలాడు. బండి తలుపు లోపలికి వెళ్ళిపోయింది.

వాడి తల్లీ నేనూ ఒకే బెంచీ మీద ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం. ఆరుగంటలు. డాక్టరమ్మ టోపీ తీసుకుంటూ వచ్చింది. "కవాటం చక్కగా కూర్చుంది. రేపటికి కళ్లు తెరుస్తాడు," అని వెళ్ళిపోయింది.

మా అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు తిరిగింది.

"ఏమన్నా తిన్నావా నాన్నా?"

తిన్నానని నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదమ్మా," అన్నాను.