కొక్కెం పన్ను

టైలరమ్మ కత్తెర పట్టేది గుడ్డ కోయడానికే. దారం మాత్రం పంటితోనే తెంపేది. పై వరస ముందుపన్ను వెనక ఆమెకి పిల్లిగోరంత కొక్కెం ఉంది. దానికి తగిలించి పుటుక్కున తెంపిందంటే ఆ కుట్టు ఇక ఊడదు. చొక్కా పీలికలైనా కుట్టు కుట్టులాగే ఉంటుంది. అందుకే పక్క కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటుంటే ఆమెకి ఊపిరాడని పని.

కొక్కెం ఎక్కడిదంటే తలో మాట. "నువ్వు కడుపులో ఉండగా మిషను తొక్కాను, ఆ సూది పోలికే" అనేది తల్లి. "కాదు, మా అమ్మకీ ఉండేది" అని తండ్రి గొప్పలు పోయేవాడు.

చెల్లెలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఐదో నెలలో టైలరమ్మ వదులుగా నైటీ కుట్టిచ్చింది. తొడుక్కున్నాక చూస్తే పొట్ట దగ్గర జానెడు కుట్టు మర్చిపోయింది. విప్పించడమెందుకని ఒంటిమీదే కుట్టేసి, వంగి పంటితో తెంపింది. ఈసారైనా నిలవాలి తల్లీ, అనుకుంది.

నిలిచింది. నెలలు నిండి రెండు వారాలైనా బిడ్డ బయటికి రాలేదు. నైటీ ఒంటినుంచి రాలేదు, ఇంజెక్షన్లకి నొప్పులు రాలేదు, ఆపరేషనుకి కత్తి దిగలేదు.

"ఇది మీ అక్క కుట్టమ్మా, ఆమెనే అడగండి. రేపు దాటితే బిడ్డ దక్కదు" అంది ఆస్పత్రి డాక్టరమ్మ.

టైలరమ్మ పరుగున పళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది.

"ఈ కొక్కెం అరగదీసేయండి."

ఆయన అద్దం పెట్టి చూశాడు. "పన్ను చిగురులో మెత్తగా ఉన్నప్పుడే ఓ మడత ఎక్కువ పడుంటుంది. వంశంలో రావచ్చు. ఎందుకు పడిందో గట్టిగా ఎవరూ చెప్పలేరు."

"కుచ్చు ఎక్కువైందన్నమాట. తీసేయండి."

"ఒక్కసారే తీయకూడదమ్మా. వారాలు ఆగి కొంచెం కొంచెంగా తీయాలి. లేకపోతే నరం చచ్చి పన్నే పోతుంది. మరి మీ కొట్టో?"

ఆ కొట్టు ఆమె ఇరవై ఏళ్ళ కష్టం.

"బిడ్డకి అన్ని వారాల్లేవు, డాక్టరుగారూ" అని నోరు తెరిచింది.

ఆఖరి ముక్క రాలగానే వీధిలో నడిచేవాళ్ళ ఒంటిమీద ఆమె కుట్టిన జేబులు ఊడాయి, చొక్కా చేతులు జారాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు. గుడ్డలు పట్టుకుని ఇళ్ళకి పోయారు.

ఫోను మోగింది.

"అక్కా, నైటీ కుట్టు వదిలింది. నొప్పులొస్తున్నాయి. భయంగా ఉంది, ఏదైనా మాట్లాడు."

పంటికిచ్చిన మత్తుమందుకి నోరు మొద్దుబారి టైలరమ్మకి మాట రాలేదు. ఫోను చెవికానించుకుని, చెల్లెలు కేకలు పెట్టినంతసేపూ, ఆ తర్వాత ఇంకో బుల్లి గొంతు లేచేదాకా, "ఊఁ... ఊఁ" అంటూనే ఉంది.